గ్యాస్ అయిపోదు... లీకవుతుంది

గత ఏడాది జూలైలో అత్తయ్య కాకినాడ నుంచి వచ్చారు. డల్లాస్‌లో ఆ వారం ఎండ 104 డిగ్రీల ఫారెన్‌హీట్. గుడికని నా కారులో బయల్దేరితే, సగం దారిలో ఏసీ లోంచి వేడిగాలి మొదలైంది. "మా ఊరి ఎండకి భయపడి ఇక్కడికొస్తే పొయ్యి మీద కూర్చోబెట్టావేమ్మా!" అన్నారావిడ నవ్వుతూనే. కానీ వెనక సీట్లో ఐదేళ్ల మా పాప ముఖం ఎర్రగా కందిపోయింది. నాకు భయమేసింది.

అది 1992 మోడల్ కారు. క్లాసిక్ నంబరు ప్లేటు ఉన్న ముసలిది. నేను డ్రైవింగ్ నేర్చుకున్నదీ, ఈ దేశంలో ఒంటరిగా మొదటిసారి బయటికి వెళ్లిందీ దాంట్లోనే. మే నెలలోనే ఒక షాపులో 180 డాలర్లిచ్చి గ్యాస్ పట్టించాను. ఐదు వారాలు కూడా నిలవలేదు. "అమ్మేద్దాం, నీకెందుకీ గొడవ" అన్నారు మావారు. నేను వారం రోజులు గడువడిగాను. బీఎస్సీ ఫిజిక్స్‌లో రిఫ్రిజిరేటర్ బొమ్మ వేసి మార్కులు తెచ్చుకున్నదాన్ని, ఆ మాత్రం ప్రయత్నించకపోతే ఎలా?

ముందుగా అర్థమైన సంగతి ఇది. ఏసీలో గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. కంప్రెసర్ నొక్కుతుంది, ముందున్న కండెన్సర్‌లో వేడి వదిలి ద్రవమవుతుంది, సన్నటి దారిలోంచి దూకి లోపలి గొట్టాల్లో ఆవిరవుతూ కారులోని వేడిని లాక్కుంటుంది, మళ్లీ కంప్రెసర్‌కి చేరుతుంది. అరచేతిలో స్పిరిట్ పోసుకుంటే చల్లగా అనిపించేది ఎందుకో, ఇదీ అందుకే. మూసిన దారిలో తిరిగేది తగ్గిందంటే ఎక్కడో చిల్లి ఉన్నట్టే. చిల్లి చూడకుండా గ్యాస్ నింపడమంటే, ఓటికుండలో నీళ్లు పోయడమే.

ముందు చూడాల్సినవి

అన్నిసార్లూ తప్పు గ్యాస్‌దే కాదు. గాలే సరిగా రాకపోతే ఫ్యానో, ఫ్యూజో చూడాలి. హైవే మీద చల్లగా ఉండి, సిగ్నల్ దగ్గర ఆగగానే వేడెక్కితే కండెన్సర్ ఫ్యాన్ మీద అనుమానపడాలి. కండెన్సర్ రెక్కల నిండా ఆకులు, పురుగులు ఉన్నా అంతే. ఇంజన్ నడుస్తుండగా ఏసీ వేస్తే కంప్రెసర్ ముందున్న క్లచ్ 'టక్'మని పట్టుకోవాలి. దూరం నుంచే చూడండి. చున్నీ, జడ, గాజులు బెల్టు దగ్గరికి పోనివ్వకండి. నా కారులో క్లచ్ పట్టుకున్న క్షణానికే వదిలేస్తోంది. గ్యాస్ బాగా తగ్గితే కంప్రెసర్ పాడవకుండా ప్రెషర్ స్విచ్ చేసే పని అది.

బానెట్ కింద లేబుల్

పాత కారుకి అసలు చిక్కు ఇక్కడే. అప్పట్లో కార్లలో వాడింది ఆర్-12 గ్యాస్. అది ఓజోన్ పొరను తినేస్తుందని 1987 మాంట్రియల్ ఒప్పందంతో తగ్గించుకుంటూ వచ్చి, 1995 చివరికి అమెరికాలో తయారీ ఆపేశారు. 1994 మోడళ్ల నాటికి కొత్త కార్లు ఆర్-134ఏకి మారాయి. ఈ రెండూ కలపకూడదు. ఆర్-12తో వాడే మినరల్ ఆయిల్ ఆర్-134ఏతో కలవదు, కాబట్టి కంప్రెసర్‌కి ఆయిల్ అందక అరిగిపోతుంది. ఆర్-12 కొనాలంటే సర్టిఫికెట్ ఉండాలి. మీ కారులో ఇంకా అదే ఉంటే మీరు ముట్టుకోకండి, సర్టిఫికెట్ ఉన్న మెకానిక్ దగ్గరికే తీసుకెళ్లండి.

నా అదృష్టం, పాత యజమాని ఆర్-134ఏకి మార్పించారు. బానెట్ కింద లేబుల్ మీద గ్యాస్ 28 ఔన్సులు, ఎస్టర్ ఆయిల్ అని రాసుంది. పాత లెక్క 32 ఔన్సులు. ఇలా మార్చినప్పుడు మామూలుగా పాత తూకంలో 80 నుంచి 90 శాతమే నింపుతారు.

లీకు ఎక్కడ?

అల్ట్రావయొలెట్ వెలుగులో మెరిసే రంగు కలిపిన చిన్న డబ్బా పట్టించి, రెండు రోజులు కారు నడిపాను. మూడో రాత్రి గరాజ్‌లో దీపాలార్పి, పాపా నేనూ టార్చి పట్టుకుని వెతికాం. "అమ్మా, మిణుగురు!" అని అరిచింది. కండెన్సర్ దగ్గర గొట్టం జాయింట్ చుట్టూ ఆకుపచ్చగా మెరుస్తోంది. లోపలి రబ్బరు ఓ-రింగ్ ఎండి పగిలింది. దాని ఖరీదు డాలరు కూడా ఉండదు!

లీకు మూసేస్తుందని జిగురు కలిపిన డబ్బాలూ అమ్ముతారు. వాటి జోలికి పోకండి. సన్నటి దారులు మూసుకుపోతాయి, తర్వాత షాపువాళ్లు తమ మెషీన్ పాడవుతుందని కారు ముట్టుకోరు.

గాలి తీసి, తూచి, నింపడం

మిగిలిన గ్యాస్‌ను గాల్లోకి వదలడం ఇక్కడ చట్టవిరుద్ధం. అందుకని ఇంకో షాపులో మెషీన్‌తో తీయించాను. ఇంటికొచ్చి ఆయిల్ రాసి కొత్త ఓ-రింగ్ వేశాను. గొట్టాలు విప్పితే తేమ పీల్చే డ్రయ్యర్ కూడా మార్చాలి, అదీ మార్చాను.

తర్వాత అద్దెకు తెచ్చిన వాక్యూమ్ పంపు 45 నిమిషాలు నడిపాను. ఇది గాలి తీయడానికే కాదు. ప్రెషర్ కుక్కర్‌లో ఒత్తిడి పెరిగితే నీళ్లు ఆలస్యంగా మరుగుతాయి కదా, ఇది దానికి తలకిందులు. గేజ్ 29 అంగుళాల వాక్యూమ్ చూపిస్తే నీళ్లు 26 డిగ్రీల సెల్సియస్‌కే మరిగి ఆవిరై బయటికొచ్చేస్తాయి. తేమ మిగిలితే సన్నటి దారిలో మంచుగడ్డై అడ్డుపడుతుంది, ఆయిల్‌తో కలిసి ఆసిడ్ అవుతుంది. పంపు ఆపి అరగంట కూర్చున్నాను. ముల్లు కదల్లేదు. లీకు లేదన్నమాట.

నింపేటప్పుడు కళ్లకు రక్షణ అద్దాలు, చేతికి గ్లవ్స్ తప్పనిసరి. ఆ ద్రవం తగిలితే చర్మం గడ్డకడుతుంది. డబ్బా నిలువుగా పట్టుకుని, తక్కువ ప్రెషర్ వైపు నుంచే ఇవ్వాలి. ఎక్కువ ప్రెషర్ వైపు తెరిస్తే డబ్బా పేలిపోవచ్చు. ఎంత వెళ్లిందో తెలియాలిగా? వంటింట్లో పిండి తూచే ఎలక్ట్రానిక్ త్రాసు తెచ్చి డబ్బాలు దాని మీద తూచాను. 12 ఔన్సుల డబ్బాలు రెండు, మూడోదాంట్లో నాలుగు ఔన్సులు. అంతే, ఆపేశాను. ఇంకాస్త పోస్తే ఇంకాస్త చల్లదనం రాదు. ప్రెషర్ పెరిగి చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ మీద భారం పడుతుంది.

వంటింటి థర్మామీటరు గాలి వచ్చే చోట పెట్టాను. బయట 97, లోపల 47. అన్నీ కలిపి 120 డాలర్లయింది. మావారు చెయ్యి పెట్టి చూసి, అమ్మే మాట మళ్లీ ఎత్తలేదు. రెండో వేసవి నడుస్తోంది, ఇంకా చల్లగానే ఉంది.

మొన్న అత్తయ్య ఫోన్ చేశారు. ప్రతి ఏడూ వేసవిలో వచ్చి వాళ్లింటి ఏసీకి గ్యాస్ పట్టించి డబ్బులు తీసుకెళ్లే కుర్రాడు మళ్లీ వచ్చాడట.

"ఏమన్నారత్తయ్యా?" అన్నాను.

"గ్యాస్ తర్వాత బాబూ, ముందు లీకెక్కడో చూపించు అన్నాను. తెల్లబోయి చూశాడు!"