పొగచూరితేనే... ఆ స్కాచ్‌కు పేరు!

వాసన చూస్తే అయోడిన్ సీసా మూత తీసినట్టుంటుంది. నోట్లో పోసుకుంటే ఆరిన కుంపటి పక్కన కూర్చున్నట్టుంటుంది. 'ఇదేం కంపు బాబోయ్' అని మొదటి గుక్కతోనే గ్లాసు పక్కన పెట్టేసేవాళ్లు ఎందరో. అదే వాసన కోసం పడవెక్కి ఓ చిన్న దీవికి వెళ్లేవాళ్లూ తక్కువేం కాదు. స్కాట్లాండ్ పడమటి తీరంలోని ఐలా దీవిలో తయారయ్యే పొగచూరిన స్కాచ్ విస్కీల సంగతి ఇది. నిజానికి ఇది మందు కథ కాదు... మట్టి కథ!

పొగచూరిన రుచి మనకేం కొత్త కాదు. పిడకల దాలి మీద పొద్దంతా ఎర్రగా కాగిన పాలు, వాటి మీద అట్టు కట్టిన మీగడ, ఆ పాలు తోడేసిన పెరుగు... ఆ కమ్మదనం ఎరిగిన పెద్దవాళ్లకు గ్యాస్ పొయ్యి మీద కాచిన పాలు ఇప్పటికీ చప్పగానే ఉంటాయి. పొయ్యిలో ఏం మండితే వంటకు దాని వాసనే పడుతుంది. ఐలా విస్కీలో జరిగేదీ అచ్చంగా ఇదే.

చెట్టు కరవైన చోట...

ఐలా విస్తీర్ణం 600 చదరపు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. జనాభా మూడు వేల చిల్లర. అట్లాంటిక్ గాలి విసురుకు చెట్లు పెద్దగా ఎదగవు. బొగ్గు గనులు లేవు. ఉన్నదల్లా పీట్. చిత్తడి నేలల్లో నాచు, గడ్డి, చిన్న చిన్న పొదలు చచ్చి నీళ్ల కింద పడిపోతాయి. అక్కడ గాలి ఆడదు కాబట్టి పూర్తిగా కుళ్లవు. అలా పొర మీద పొర పేరుకుని నల్లటి మెత్తని మట్టిలా తయారయ్యేదే పీట్. దాన్ని పారతో ఇటుకల్లా కోసి ఎండబెడితే పొయ్యిలోకి పనికొస్తుంది. నిదానంగా, దట్టమైన పొగ కక్కుతూ కాలుతుంది. తరతరాలుగా ఆ దీవి జనం వంట చేసుకున్నదీ, చలి కాచుకున్నదీ దీంతోనే.

మరి విస్కీలోకి పొగెలా వచ్చింది? రాగిమాల్ట్ చేయడం తెలిసిన ఏ ఇల్లాలికైనా ఇది ఇట్టే అర్థమవుతుంది. రాగుల్ని నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలకలొచ్చాక ఆరబెట్టి పిండి పట్టిస్తాం కదా! విస్కీకి బార్లీని అలాగే మొలకెత్తిస్తారు. మొలక మరీ పెరగకుండా సమయానికి ఆరబెట్టాలి. ఎప్పుడు చూసినా ముసురు పట్టి ఉండే దీవిలో ఎండ దొరికేదెక్కడ? అందుకే చిల్లుల నేల మీద గింజల్ని పరిచి, కింద పీట్ మంట పెట్టారు. తడిగింజ పొగను పట్టేసుకుంది. ఆ గింజను ఉడికించి, పులియబెట్టి, బట్టీ పట్టినా... ఓక్ పీపాల్లో ఏళ్ల తరబడి మగ్గబెట్టినా ఆ వాసన మాత్రం పోలేదు.

ఒకప్పుడు స్కాట్లాండ్‌లో చాలాచోట్ల ఇదే పద్ధతి. 19వ శతాబ్దంలో రైళ్లొచ్చాయి. వాటితో పాటు బొగ్గు, కోక్ వచ్చాయి. పొగ తక్కువ పెట్టే ఇంధనం దొరకడంతో ప్రధాన భూభాగంలోని బట్టీలు మెల్లగా పీట్‌ను వదిలేశాయి. రైలు రాని ఐలా మాత్రం పాత పొయ్యినే నమ్ముకుంది. అంటే, ఇవాళ లోకం గొప్పగా చెప్పుకుంటున్న ఆ రుచి ఎవరో కావాలని కనిపెట్టింది కాదు... లేమిలోంచి పుట్టింది!

ఒకే బాట... మూడు రుచులు

దీవి దక్షిణ తీరంలో పోర్ట్ ఎలెన్ ఊరు దాటాక ఒకే రోడ్డు మీద మూడు పేరొందిన డిస్టిలరీలు వరసగా కనిపిస్తాయి. లఫ్రోయిగ్, లాగవూలిన్, ఆర్డ్‌బెగ్. మూడూ 1815-16 నాటివే. పొగ ఘాటుకు కారణం ఫినాల్స్ అనే రసాయనాలు. మొలక బార్లీలో అవి పది లక్షల పాళ్లకు ఎన్ని పాళ్లున్నాయో లెక్కగడతారు. దాన్నే పీపీఎం అంటారు. బోమోర్‌కు సుమారు 25, లాగవూలిన్‌కు 35, లఫ్రోయిగ్‌కు 40 పైన, ఆర్డ్‌బెగ్‌కు 55. బ్రుయిక్‌లాడీ వాళ్లు ఆక్టోమోర్ పేరుతో చేసే రకంలో ఒకసారి ఇది 300 కూడా దాటింది. అదే దీవిలో పొగ జోలికి దాదాపుగా పోని బునహావెన్ లాంటి విస్కీలూ ఉన్నాయి.

అయితే అంకె పెద్దదైనంత మాత్రాన రుచి అంత ఘాటని కాదు. ఆ లెక్క గింజది, సీసాలోని విస్కీది కాదు. బట్టీ ఆకారం, మరిగి వచ్చిన ద్రవాన్ని ఏ దశ దాకా పట్టుకోవాలన్న నిర్ణయం కూడా రుచిని మార్చేస్తాయి. లాగవూలిన్, కుల్ ఈలా డిస్టిలరీలకు దాదాపు ఒకే రకం పొగ బార్లీ వెళ్తుంది. మొదటిది చిక్కగా, బరువుగా ఉంటే రెండోది తేలిగ్గా, నిమ్మచెక్క పిండినట్టుంటుంది. పేరున్న బ్లెండెడ్ స్కాచ్‌లలో ఐలా విస్కీ కొంత కలుస్తుంటుంది. కాబట్టి దీవి పేరే వినని వాళ్లు కూడా ఆ పొగను రుచి చూసే ఉంటారు.

లఫ్రోయిగ్‌కు ఇంకో కథ ఉంది. అమెరికాలో మద్యనిషేధం అమల్లో ఉన్న 1920-33 మధ్య కూడా అది అక్కడ అమ్ముడుపోయిందట... మందుల దుకాణాల్లో, ఔషధంగా! ఆ అయోడిన్ వాసన చూసిన అధికారులు ఇంత కంపుకొట్టేదాన్ని ఎవరూ సరదాకి తాగరని నమ్మేశారని చెబుతారు. ఆ డిస్టిలరీలోకే 1934లో బెస్సీ విలియమ్సన్ అనే యువతి తాత్కాలిక టైపిస్టుగా వచ్చింది. యజమాని ఇయాన్ హంటర్ 1954లో చనిపోతూ సంస్థను ఆమెకే అప్పగించాడు. మగవాళ్లదే అనుకునే ఆ రంగంలో ఆమె 1972 దాకా దాన్ని నడిపించింది.

నోటికన్నా ముక్కే ముఖ్యం!

విస్కీ నాణ్యత చూసే నిపుణులు తాగేది చాలా తక్కువ. వాళ్ల పనంతా ముక్కుతోనే. నీళ్లు కలిపి ఆల్కహాల్‌ను 20 శాతం దాకా తగ్గించి వాసన చూస్తారు. నోట్లో పోసుకున్నా చాలాసార్లు ఉమ్మేస్తారు. గ్లాసు అడుగున వెడల్పుగా, మూతి దగ్గర సన్నగా ఉంటే వాసన చెదిరిపోదు. ముక్కు లోపలికి పెట్టేసి గట్టిగా పీలిస్తే ఆల్కహాల్ ఘాటు తప్ప ఇంకేం తెలియదు. కాస్త దూరంగా పట్టుకుని, నోరు కొద్దిగా తెరిచి నెమ్మదిగా పీల్చాలి. మొదట తగిలేది పొగ. రెండు నిమిషాలాగితే దాని వెనక నుంచి తేనె, నిమ్మ, వెనిల్లా, సముద్రపు ఉప్పుగాలి ఒక్కొక్కటీ బయటికొస్తాయి. పొగ వెనక ఉన్నదాన్ని పట్టుకోవడమే ఇందులో అసలు విద్య.

నాలుగు చుక్కల నీళ్లు కలపమనడం వెనక శాస్త్రం ఉంది. పొగ వాసననిచ్చే వాటిలో గ్వయకాల్ ఒకటి. ఆల్కహాల్ మరీ ఎక్కువగా ఉన్నప్పుడు అది లోపలే ఉండిపోతుందనీ, నీళ్లు కలిపితే ఉపరితలానికి చేరుతుందనీ స్వీడన్‌లోని లినేయస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో కంప్యూటర్ నమూనాలతో తేల్చారు. ఇంకో సంగతి... పీపాలో వయసు పెరిగేకొద్దీ పొగ మెత్తబడుతుంది. అందుకే ఘాటు కోరేవాళ్లు పదేళ్లదాన్నే ఇష్టపడతారు. ఎక్కువ ఏళ్లదీ ఎక్కువ ఖరీదుదీ అయితేనే గొప్పదన్న లెక్క ఇక్కడ చెల్లదు. మద్యం ఆరోగ్యానికి చేటన్న మాట మాత్రం ఎన్నేళ్ల సీసాకైనా వర్తిస్తుంది.

మూతపడి... మళ్లీ తెరుచుకుని

ఈ రుచికి ఎప్పుడూ ఇంత ఆదరణ లేదు. 1980ల్లో విస్కీ నిల్వలు గుట్టలు పడ్డాయి, కొనేవాళ్లు తగ్గారు. 1981లో ఆర్డ్‌బెగ్, 1983లో పోర్ట్ ఎలెన్ డిస్టిలరీలు ఆగిపోయాయి. 1994లో బ్రుయిక్‌లాడీ వంతు. డిస్టిలరీయే ఆధారమైన చిన్న ఊళ్లలో బట్టీ ఆరిందంటే ఇంటి పొయ్యి ఆరినట్టే. తర్వాత గాలి మళ్లింది. చేతులు మారిన ఆర్డ్‌బెగ్ 1997 నుంచి నిలదొక్కుకుంది. బ్రుయిక్‌లాడీ 2001లో తలుపులు తెరిచింది. 2005లో కిల్హోమన్ మొదలైంది. వందేళ్లు దాటాక ఆ దీవిలో కొత్తగా పుట్టిన డిస్టిలరీ అదే! పోర్ట్ ఎలెన్ కూడా నలభై ఏళ్ల తర్వాత 2024లో మళ్లీ రాజుకుంది.

ఆ పొగ మన దేశం దాకా వచ్చింది. బెంగళూరులోని అమృత్ సంస్థ స్కాట్లాండ్ నుంచి పొగ బార్లీని తెప్పించి, భారతీయ బార్లీతో చేసినదానితో జతకలిపి 'ఫ్యూజన్' తయారుచేసింది. విస్కీ విమర్శకుడు జిమ్ ముర్రే తన 2010 సంచికలో దానికి ప్రపంచంలో మూడో స్థానం ఇచ్చాడు. స్కాట్లాండ్ చలిలో పీపాలోంచి ఏడాదికి 2 శాతం దాకా ఆవిరైతే బెంగళూరు వేడికి అంతకు అయిదారు రెట్లు పోతుంది. కాబట్టి ఇక్కడ నాలుగైదేళ్లకే పక్వానికొస్తుంది.

పీట్ తరిగితే...?

ఇప్పుడు అసలు ప్రశ్న పొయ్యి దగ్గరే ఉంది. పీట్ ఏడాదికి పేరుకునేది సుమారు ఒక మిల్లీమీటరు. అంటే మీటరు లోతు తవ్వితే వెయ్యేళ్లు తవ్వినట్టు! పైగా పీట్ నేలలు ప్రపంచ భూభాగంలో మూడు శాతమే అయినా అడవులన్నిటి చెట్లకన్నా ఎక్కువ కార్బన్‌ను పొట్టలో దాచుకున్నాయి. నేలను ఎండగట్టి, తవ్వి కాలిస్తే అదంతా గాల్లో కలుస్తుంది. విస్కీ కోసం తవ్వేది తోటల మట్టికోసం తవ్వేదానితో పోలిస్తే చాలా తక్కువే. అలాగని తప్పించుకోవడానికి లేదు. అందుకే తక్కువ పీట్‌తో ఎక్కువ పొగ పట్టించే పద్ధతులు వెతుకుతున్నారు. ఎండిన చిత్తడి నేలల్లోకి మళ్లీ నీళ్లు మళ్లించి నాచును బతికించే పనులూ సాగుతున్నాయి.

దాలి పోయాక మన పాలకు ఆ కమ్మదనం పోయింది. ఐలా వాళ్ల భయం కూడా అదే. సీసా మీద పదేళ్లని రాసి ఉండొచ్చు... అందులోని పొగ వయసు మాత్రం వేల ఏళ్లు!