సమాధులపై పింగాణి ఛాయాచిత్రములు

పొరుగు రాష్ట్రములలో తరతరములుగా స్థిరపడిన తెలుగువారిలో ఖననాచారము గల కుటుంబములు, క్రైస్తవులు, వీరశైవులు మున్నగువారు, సమాధిఱాతిపై మృతుల పేరును తెలుగు లిపిలో చెక్కించుట కలదు. మనుమల నాటికి ఆ లిపి చదువగలవారు ఇంటిలో మిగులకపోవచ్చును. ముఖచిత్రమునకు లిపితో పని లేదు. కావున ఆ చిత్రము ఎంతకాలము నిలుచునను విచారణ అల్పమైనది కాదు.

ఛాయాచిత్రమును పింగాణిపై కాల్చి నిలుపు పద్ధతికి 1854లో బ్యులో, కతాన్ అను ఇరువురు ఫ్రెంచి ఛాయాచిత్రకారులు పేటెంటు పొందిరి. పిమ్మట అది ఇటలీలోను, తూర్పు ఐరోపాలోను వ్యాపించెను. అమెరికాకు వలసపోయిన ఇటాలియనులు, యూదులు దీనిని మిక్కిలి ఆదరించిరి. పరదేశమున స్థిరపడినవారికే ఇది ప్రియమగుట గమనింపదగినది.

కాగితపు ఛాయాచిత్రములో వెండి రేణువులు సరేసు పొరలో నుండును. ఎండ, తేమ, బూజు ఆ పొరను చెఱచును. పింగాణి చిత్రపు మార్గము వేఱు. జిగురు, చక్కెర, పొటాసియం బైక్రోమేటు కలిపిన ద్రవమును గాజుపలకపై పూసి యారనిచ్చి, దానిపై పారదర్శక చిత్రమునుంచి వెలుగు సోకింతురు. వెలుగు తగిలినచోట పూత గట్టిపడును. నీడలో నున్నచోట గాలిలోని తేమకు జిగి కలుగును. అప్పుడు ఇనుము, కోబాల్టు, మాంగనీసు మున్నగు లోహముల ఆక్సైడుల పొడిని కుంచెతో అద్దగా, జిగి గలచోటనే యది అంటుకొని ముఖము తేలును. ఆ పొరను తెల్లని ఎనామెలుపైకి మార్చి, సుమారు 800 డిగ్రీల సెంటిగ్రేడు వేడి గల బట్టీలో కాల్చుదురు. చిత్రమును మోసిన పొర బూడిదయైపోవును. చిత్రము మాత్రము గాజులో కరగి నిలుచును! ఇక ఎండకు వెలియుటకు అందు రంగు మందు లేదు, బూజు తినుటకు సరేసు లేదు.

అయినను దెబ్బ తగులరాదు. రాగిరేకుపై ఎనామెలు పెచ్చు లేచినచో నీరు చొచ్చి రాగి చిలుము పట్టును. పింగాణికి చిలుము లేదు గాని, ఱాయి తగిలినచో పగులును.

నేడు కంప్యూటరు సహాయమున పింగాణి రంగులతో అచ్చొత్తి, అదే విధముగ కాల్చుచున్నారు. అది మంచిదే. కాని కాఫీ కప్పులపై బొమ్మలద్దు రీతిని, పూత పూసిన పలకపై రంగులను 200 డిగ్రీల వేడితో నొక్కి యిచ్చువారును గలరు. మా బంధువుల సమాధిపై నొక దుకాణమువారు అమర్చినది అట్టిదే. నాలుగు వేసవులలో ముఖము నీలిమరకయైనది. కొనువారు అడుగవలసినది ఒక్కటే: అచ్చొత్తిన పిమ్మట ఎన్ని డిగ్రీలలో కాల్చితిరి?

మఱియొక మాట. పేరు ఱాతిమీదను, ముఖము పలకమీదను వేఱుగ నున్నచో, పలక ఊడిననాడు ఆ ముఖమెవరిదో తెలియదు. కావున పేరును, జనన మరణ సంవత్సరములను తెలుగులోను, ఆ యూరివారు చదువు లిపిలోను చిత్రము క్రిందనే చేర్చి, ఒకే బట్టీలో కాల్పించుకొనవలెను.