ఈ సందేహం జబ్బు కాదు, నేరం కాదు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల హాస్టళ్లలో చదివే మీలో కొందరికి ఒక సందేహం ఉండవచ్చు. తోటివాళ్లు అమ్మాయిల గురించి మాట్లాడుకుంటుంటే, ఒక అబ్బాయి మనసు ఇంకో అబ్బాయి వైపే పోతుంది. అమ్మాయిల్లోనూ ఇలాంటివారు ఉంటారు. రాత్రి లైట్లు ఆర్పాక "నాకేమైనా జబ్బా?" అని కుమిలిపోతారు.

జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న స్వలింగ ఆకర్షణను జబ్బుల జాబితా నుండి తొలగించింది. కాబట్టి దీనికి మందులూ వద్దు, తాయెత్తులూ వద్దు. పెళ్లి చేస్తే సర్దుకుంటుందని పెద్దలంటారు. అలా చేస్తే ఇద్దరి జీవితాలు నలిగిపోతాయి.

నేరమూ కాదు. పెద్దల మధ్య ఇష్టపూర్వక సంబంధం నేరం కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 18 ఏళ్లలోపు వారితో మాత్రం, ఇష్టమున్నా సరే, శారీరక సంబంధం పోక్సో చట్టం కింద నేరమే. ఇలాంటి పెళ్లిళ్లకు 2023లో అదే కోర్టు చట్టబద్ధత ఇవ్వలేదు. ఆ కేసు వేసినవారిలో హైదరాబాదు జంట కూడా ఉంది.

మీ మనసుకు ఇప్పుడే పేరు పెట్టనక్కరలేదు. కొందరికి పదిహేనేళ్లకే తెలుస్తుంది, కొందరికి పాతికేళ్లకు.

మిగతావారికి ఒక మాట. నేను హాస్టల్లో ఉన్నప్పుడు ఒక మిత్రుడు నమ్మి చెప్పిన విషయాన్ని హాలంతా చెప్పుకొని నవ్వాం. అతను పరీక్షలు రాయకుండానే ట్రంకు పెట్టె సర్దుకొని జమ్మలమడుగు బస్సెక్కాడు. మళ్లీ రాలేదు. ఆ తప్పు మీరు చేయకండి. విన్నది మీలోనే ఉంచుకోండి. బాధ భరించలేనివారు టెలిమానస్ 14416కు ఫోన్ చేయవచ్చు. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.