మీగడంత మంచినీరు



మాఘమాసంలో భీష్మ ఏకాదశినాడు అంతర్వేది తీర్థానికి ఎంత జనం వస్తారో మీకు వేరే చెప్పనక్కరలేదు. ఆ రోజున ఊళ్ళో మంచినీళ్ళకు ఎంత కటకట! అయినా మనం దిగులుపడం. రథోత్సవం కాగానే వచ్చినవాళ్ళు ఎవరి ఊరు వాళ్ళు వెళ్ళిపోతారు. మరి వాళ్ళంతా వెళ్ళకుండా యిక్కడే కాపురం పెడితే? ఈ భూమిమీద జరిగింది అదే.

1950లో ప్రపంచ జనాభా సుమారు 250 కోట్లు. 2022 నవంబరుకు 800 కోట్లయింది. మన దేశంలో 1951 జనాభా లెక్కల్లో 36 కోట్లమందిమి. 2011 లెక్కల్లో 121 కోట్లమందిమి. జనం పెరిగారు గాని భూమి పెరగలేదు.

“కాటన్ దొర ఆనకట్ట కట్టాక మన పంట పెరగలేదాండీ?” అని మీరు అడగవచ్చు. పెరిగింది. 1830ల కరువుల్లో జనం చచ్చీ, వలసపోయీ పాడుపడిన గోదావరి సీమ, 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక అన్నపూర్ణ అయింది. తెలివి వుంటే హద్దును కొంతదూరం జరపవచ్చు. చెరిపివేయడం మాత్రం ఎవరి తరమూ కాదు. ఆ హద్దును చూడాలంటే మీ పెరటి నూతిలోకి తొంగిచూడండి.

సముద్రతీరంలో నేల అడుగున వున్నది ఉప్పునీరు. వాననీరు, కాలువల వూట ఇసుకలో ఇంకి, ఆ ఉప్పునీటిమీద తేలుతూ వుంటాయి. మంచినీరు తేలిక, ఉప్పునీరు బరువు. అందుకని పాలమీద మీగడలాగా మంచినీరు పైన నిలుస్తుంది. దీనికొక లెక్క వుంది. సముద్రమట్టానికి పైన ఒక అడుగు మంచినీరు వుంటే, ఆ మట్టానికి దిగువన సుమారు 40 అడుగుల మంచినీరు వుంటుంది. ఇది సంతోషమే. కాని దీన్ని తిరగవేసి చూడండి. ఎడతెగకుండా తోడి నీటిమట్టాన్ని ఒక అడుగు దించితే, ఉప్పునీరు కిందినుంచి 40 అడుగులు పైకి రాజూస్తుంది. ఒకసారి ఉప్పెక్కిన నుయ్యి మళ్ళీ తియ్యబడాలంటే ఏళ్ళు పడుతుంది.

మన రాష్ట్రంలో కుటుంబాలు ఇప్పటికే చిన్నవయ్యాయి. 2019–21 సర్వేప్రకారం సగటున ఒక స్త్రీకి పుట్టే పిల్లలు ఇద్దరికంటే తక్కువ, 1.7. అయితే తలలు పెరగడం తగ్గినా, తలకు వాడే నీరు తగ్గలేదు. చేదతో తోడినన్నాళ్ళూ మన చేతులే నీటికి హద్దు. మోటారుకు అలుపు లేదు. దీనికితోడు రొయ్యల చెరువుల ఉప్పు పక్క చేలోకి దిగుతున్నది. గోదావరి తేవలసిన ఒండ్రు చాలావరకు ఎగువ ఆనకట్టలవద్దే ఆగిపోతున్నది. సముద్రమట్టమూ పెరుగుతున్నది. అంటే మన మీగడను పైనుంచి మనం తోడుతుంటే, పక్కనుంచి సముద్రం నెడుతున్నదన్నమాట.

ఇందుకు మనం చేయదగ్గవి వున్నాయి. తీరపు ఊళ్ళలో లోతు బోరుకంటే పైపై నూయి మేలు. దాన్నయినా ఒక్క పెట్టున తోడక, విడతలుగా తోడాలి. ఎండాకాలం కాలువలు కట్టేసేలోగా ఊరి చెరువులు పూడిక తీసి నింపుకోవాలి. కొబ్బరి పాదుల్లో డొక్కలు పాతితే తేమ నిలిచి తడులు తగ్గుతాయి. మంచినీటి నూతుల దగ్గర, కొబ్బరితోటల పక్క ఉప్పునీటి చెరువు తవ్వనీయవద్దు. తీరంలోని మడచెట్లనూ, సరుగుడునూ నరకవద్దు.

గ్రామాల్లో పనిచేసే వ్యవసాయ సిబ్బందికి ఒక మనవి. ఏటా మే నెలలో ఒకసారి, వానలు వెలిశాక ఒకసారి, ఎంచుకున్న కొన్ని నూతుల్లో ఉప్పు కొలిచి, ఆ అంకెలు ఊరందరికీ కనబడేచోట రాయండి. నాలుక రుచి పట్టకముందే అంకె చెబుతుంది.

ఏటా వానా కాలువా నేలకు ఇచ్చేది వడ్డీ. నేల కింద నిలవున్నది అసలు. వడ్డీ తిన్న ఇల్లు నిలుస్తుంది. అసలు తిన్న ఇల్లు నిలవదు. అంతర్వేది దాటితే మనకు నేల లేదు, సముద్రమే. వున్న ఈ నేలా, ఈ నీరూ మన పిల్లలకు చాలేలా వాడుకుందాం.