దీపానికీ కాగితానికీ తేడా

ఒక షాట్‌లో వెలుగుతున్న దీపం, పక్కనే తెల్ల కాగితం ఉన్నాయనుకోండి. మన కంటికి దీపం ఎన్నో రెట్లు కాంతివంతం. మామూలు 8 బిట్ల ఇమేజ్ ఫైలుకు మాత్రం ఆ సంగతి పట్టదు. అందులో ఒక్కో రంగుకు 0 నుంచి 255 వరకే మెట్లు. పై మెట్టుకు చేరాక దీపమైనా కాగితమైనా ఒకటే తెలుపు. గ్రాఫిక్స్‌లో ఆ షాట్‌ను రాత్రివేళగా మార్చాలని వెలుగు తగ్గిస్తే, రెండూ కలిసి ఒకే బూడిదరంగులోకి దిగిపోతాయి.

కాలిఫోర్నియాలోని ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ స్టూడియో 1999లో మొదలుపెట్టిన ఓపెన్ ఈఎక్స్‌ఆర్ ఫార్మాట్ ఈ చిక్కు విప్పింది. ఇందులో సాధారణంగా ఒక్కో విలువకు 16 బిట్లు. ఒకటి ప్లస్సో మైనస్సో చెబుతుంది, ఐదు ఆ విలువ ఏ స్థాయిదో చెబుతాయి, మిగతా పదీ సన్నని తేడాల కోసం. కాగితం తెలుపు 1 అయితే దీపానికి 40 వేసుకోవచ్చు, 400 అయినా వేసుకోవచ్చు. పై హద్దు 65,504. వెలుగు పదో వంతుకు తగ్గించినా దీపం దీపంలాగే ఉంటుంది.

2003లో ఆ స్టూడియో దీన్ని సోర్స్ కోడ్‌తో సహా పోటీదారులకూ ఉచితంగా ఇచ్చేసింది. పెద్ద సినిమా పనిని ఒక్క స్టూడియో మోయలేదు. మన ‘బాహుబలి’కి కూడా హైదరాబాద్‌లోని మకుటతో పాటు మరికొన్ని సంస్థలు పనిచేశాయి. అందరి ఫైళ్లూ అందరి దగ్గరా తెరుచుకోకపోతే నష్టం అందరిదీ. తర్వాత పొగ, మేఘాల కోసం డ్రీమ్‌వర్క్స్ ఓపెన్ వీడీబీని, మొత్తం సీన్ వర్ణన కోసం పిక్సార్ యూఎస్‌డీని ఇదే దారిలో పంచాయి.

ఫైళ్ల కన్నా మొండి సమస్య సాఫ్ట్‌వేర్ వెర్షన్లది. త్రీడీ పనికి వాడే మాయా పైథాన్ భాష ఒక వెర్షన్‌తో, షాట్లను కూర్చే న్యూక్ ఇంకో వెర్షన్‌తో వస్తే స్టూడియో సొంత టూల్స్ రెండింటి మధ్యా నలిగిపోతాయి. అందుకే 2014 నుంచి ‘వీఎఫ్ఎక్స్ రిఫరెన్స్ ప్లాట్‌ఫామ్’ పేరుతో ఏ ఏడాదికి ఏ కంపైలర్, ఏ పైథాన్, విండోలు, బటన్లకు ఏ క్యూటీ అని జాబితా వేస్తున్నారు. పైథాన్ 3 వచ్చింది 2008లో. ఈ జాబితాకు ఎక్కింది 2020లో. బద్ధకం అనిపిస్తుంది గానీ, కారణం ఉంది. పైథాన్ 2లో 5ను 2తో భాగిస్తే 2 వస్తుంది, 3లో 2.5. ఎర్రర్ ఏదీ రాదు, లెక్క మాత్రం జరిగిపోతుంది. సినిమా సగంలో ఉండగా అలాంటి మార్పుకు ఎవరు సాహసిస్తారు?

అన్నీ ఒకే మూసలో ఉండాలనే మేనేజర్లు ప్రతి స్టూడియోలోనూ ఉంటారు. ఒకరి నుంచి ఒకరికి చేతులు మారే చోట మూస కావాల్సిందే. కళాకారుడి టేబుల్ మీద కాదనే నేనంటాను. పిక్సార్ లెక్క కూడా అలాగే కనిపిస్తుంది: యూఎస్‌డీని 2016లో అందరికీ ఇచ్చింది, సీన్‌ను తుది చిత్రంగా మార్చే రెండర్‌మ్యాన్‌ను అమ్ముకుంటోంది, పాత్రలకు కదలిక నేర్పే ప్రెస్టోను మాత్రం తన దగ్గరే అట్టేపెట్టుకుంది.