సైక్లోన్: ఆ పేరు ఎందుకు, ఎలా?

కార్తీకంలో బంగాళాఖాతం కదిలిందంటే చాలు, నాయుడుపేటలో ఎవరిని కదిలించినా ‘సైక్లోనంట’ అనే మాటే. ఇంగ్లీషు మాటే అయినా ఇది పుట్టింది ఇంగ్లండులో కాదు, ఇదే సముద్రం పైకొసన ఉన్న కలకత్తాలో. హెన్రీ పిడింగ్టన్ అనే మాజీ ఓడ కెప్టెన్ 1848లో నావికుల కోసం అచ్చువేసిన పుస్తకంలో దీన్ని ప్రతిపాదించాడు.

కొత్త పేరు ఎందుకు? గేల్, స్టార్మ్ లాంటి పాత పేర్లు గాలి జోరును చెప్పేవి, అది తిరిగే తీరును చెప్పేవి కావు. పిడింగ్టన్ ఓడల దినచర్య పుస్తకాలు పోగుచేసి పోల్చి చూశాడు. ఒకే తుఫానులో ఒక ఓడకు ఉత్తరపు గాలి, ఇంకో ఓడకు దక్షిణపు గాలి. గాలి గుండ్రంగా తిరిగితే తప్ప అలా జరగదు. అందుకే చుట్ట చుట్టుకున్న పామును తలపించే గ్రీకు మాట నుంచి పేరు అల్లాడు. 1789 డిసెంబరులో మన కోరంగిని మూడు పెనుకెరటాలు ముంచిన ఘోరం కూడా ఆయన రాతల్లో ఉంది. ఓడలవాళ్ల ప్రాణాలు కాపాడాలన్న తపనతో పుట్టిన మాట ఇది.

ఎలా తిరుగుతుంది? అల్పపీడన కేంద్రం వైపు నలుదిక్కుల నుంచీ గాలి పరుగెత్తుతుంది. భూమి తిరగడం వల్ల మన అర్ధగోళంలో ఆ గాలి కుడికి మళ్లి, గడియారం ముల్లుకు ఎదురు దిశలో సుడి కడుతుంది. ఆ గాలి వేగం గంటకు 31 కిలోమీటర్లు చేరితే వాయుగుండం, 62 చేరితే తుఫాను అంటుంది మన వాతావరణ శాఖ.

గాలి సుడి తిరిగే ఈ లెక్క నాయుడుపేటకు పనికొస్తుంది. కేంద్రం మనకు తూర్పున సముద్రంలో ఉన్నంతసేపు వీచేది ఉత్తరపు గాలి. అది ఉత్తరాన గూడూరు వైపు తీరం దాటితే గాలి పడమర నుంచి వీస్తుంది. దక్షిణాన సూళ్లూరుపేట వైపు దాటితే తూర్పు నుంచి వీస్తుంది. నేరుగా మన మీదుగా వస్తే? హోరు ఉన్నట్టుండి ఆగిపోతుంది. అది తుఫాను కన్ను. కాసేపటికి దక్షిణం నుంచి అంతే జోరుగా మళ్లీ కొడుతుంది. అరుగు మీద నిలబడి ‘పోయిందిలే’ అనుకున్నవాళ్లకే అప్పుడు ముప్పు.

కాబట్టి గాలి ఒక్కసారిగా ఆగితే గడప దాటకండి. వాన వెలిసినా స్వర్ణముఖి ఏటి వైపు పోకండి. ఎగువన శ్రీకాళహస్తి నుంచి వచ్చే నీళ్లు మనకు ఆలస్యంగా చేరతాయి.