‘క్వైట్’ అంటే ఎంత?

ఆంగ్ల పాఠాల్లో ‘క్వైట్’ అనే మాట మీకు తరచుగా కనిపిస్తుంది. ఒక గుణం ఎంత మేరకు ఉందో తెలిపే క్రియావిశేషణం ఇది. నిఘంటువు తెరిస్తే దీనికి ‘పూర్తిగా’ అనీ, ‘ఒక మాదిరిగా’ అనీ రెండు అర్థాలు కనిపిస్తాయి. మరి ఏది తీసుకోవాలి?

దాని తరవాత వచ్చే విశేషణాన్ని చూడండి. ‘ఎంప్టీ’ అంటే ఖాళీ, ‘ఇంపాజిబుల్’ అంటే అసాధ్యం. వీటిలో హెచ్చుతగ్గులు ఉండవు. అందువల్ల ‘ది రూమ్ వాజ్ క్వైట్ ఎంప్టీ’ అంటే గది పూర్తిగా ఖాళీగా ఉందని అర్థం. ‘గుడ్’, ‘కోల్డ్’ వంటి మాటలు అలా కావు. మంచికీ చలికీ కొలత ఉంది. బ్రిటిష్ వాడుకలో వీటి ముందు ‘క్వైట్’ చేరితే సాధారణంగా గుణం కొంత తగ్గుతుంది.

ఇది తెలుగువారికి కొత్త కాదు. ‘నీ పాట బాగుంది’ అన్నదానికీ, ‘నీ పాట బాగానే ఉంది’ అన్నదానికీ తేడా గమనించండి. ఆ ‘నే’ చేరగానే పాడినవారి ముఖంలో సంతోషం సగమవుతుంది! ‘క్వైట్ గుడ్’ దాదాపు మన ‘బాగానే ఉంది’ లాంటిదే. మనలాగే వారికీ పలికే తీరును బట్టి మెప్పు పెరుగుతుంది, తరుగుతుంది.

అయితే అమెరికాలో ‘క్వైట్ గుడ్’ అంటే మామూలుగా ‘చాలా బాగుంది’ అనే. ఒక విద్యార్థిని గురించి సిఫారసు లేఖలో ‘హర్ వర్క్ ఈజ్ క్వైట్ గుడ్’ అని రాశారనుకోండి. అమెరికాలో చదివినవారు దాన్ని మెప్పుగా తీసుకుంటారు. లండన్‌లో చదివినవారికి ‘ఫర్వాలేదు’ అన్నట్లు తోచవచ్చు. ఉన్నది ఒక్క సీటే అయితే ఆ అమ్మాయికి ఈ చిన్నమాట వల్ల నష్టం జరగవచ్చు. మాటలో అయితే గొంతు సాయపడుతుంది, కాగితం మీద ఆ సాయం లేదు. కాబట్టి ఇలాంటి లేఖల్లో ‘వెరీ గుడ్’ అని రాయడమే మేలు.

‘నాట్ క్వైట్’ అంటే ‘ఇంకా పూర్తిగా కాలేదు’. ‘క్వైట్ ఎ ఫ్యూ’ మాత్రం విచిత్రమైనది. ‘ఫ్యూ’ అంటే కొద్దిమందే అయినా, మొత్తం కలిస్తే ‘చాలామంది’ అవుతుంది. దీన్ని విడదీయకుండా గుర్తుంచుకోండి. రాసేటప్పుడు చివరి రెండు అక్షరాలు ‘టి, ఇ’ అని ఉండాలి. అవి తారుమారైతే ‘నిశ్శబ్దం’ అనే అర్థం గల ‘క్వయట్’ అవుతుంది.

ఇప్పుడు ఈ రెండు వాక్యాలను బ్రిటిష్ వాడుక ప్రకారం తెలుగులో రాయండి: ‘యు ఆర్ క్వైట్ రైట్’, ‘ది ఫిల్మ్ వాజ్ క్వైట్ ఇంటరెస్టింగ్’. ఒకదానిలో ‘పూర్తిగా’, మరొకదానిలో ‘బాగానే’ రావాలి.